భాషాభిమానం, అసబియ్యత్: హద్దు ఎక్కడ?

భూమ్యాకాశాల సృష్టిని ప్రస్తావించిన చోటనే అల్లాహ్ మనుషుల భాషలు, రంగులు వేర్వేరుగా ఉండటాన్ని కూడా తన సూచనల్లో చేర్చాడు (సూరా రూమ్, 22వ ఆయత్). ఆకాశాన్ని చూసి ‘సుబ్‌హానల్లాహ్’ అనే మనం పక్కింటివారి భాష విని ముఖం చిట్లిస్తే, ఆ ఆయత్‌లో సగం చదివి సగం వదిలేసినట్లే. ప్రతి ప్రవక్తనూ ఆయన జాతి మాట్లాడే భాషలోనే పంపినట్లు సూరా ఇబ్రాహీం 4వ ఆయత్ తెలుపుతోంది. అంటే దైవసందేశానికి తగని భాష అంటూ లోకంలో ఏదీ లేదు.

ఈ పాఠం మనకెందుకో తెలియాలంటే భీమ్‌గల్ బజారులో కాసేపు నిలబడితే చాలు. పసుపు బేరం తెలుగులో మొదలై ఉర్దూలో తెగుతుంది. బీడీలు చుట్టే మన ఆడవాళ్లు ఇంట్లో ఉర్దూ, వాకిట్లో తెలుగు మాట్లాడతారు. రైతు, జిల్లా, వకీలు, హద్దు అనే మాటలు అరబ్బీ నుంచి నడిచి వచ్చాయని ఎవరైనా చెబితే తప్ప గుర్తుకు రాదు. మన దక్కనీలోని ‘నక్కో’ మరాఠీ సొత్తు. బోధన్ దాటి సాలూర దగ్గర మంజీర వంతెన ఎక్కితే ఆ మాట పుట్టిల్లు కనబడుతుంది. గోల్కొండ ఏలిన ఇబ్రాహీం కుతుబ్‌షాను తెలుగు కవులు ‘మల్కిభరాముడు’ అని పిలుచుకున్నారు. తొలి అచ్చ తెలుగు కావ్యంగా పేరొందిన ‘యయాతి చరిత్ర’ను పొన్నగంటి తెలగన్న అంకితమిచ్చింది కుతుబ్‌షాహీల అధికారి అమీన్ ఖాన్‌కు. తెలుగు మనది కాదనే పెద్దలు దీన్ని కాస్త ఆలోచించాలి.

మరి తగాదాలు ఎక్కడి నుంచి వచ్చాయి? భాషలు వేరు కావడం వల్లనే అని చాలామంది అనుకుంటారు. చరిత్ర అలా చెప్పడం లేదు. బహమనీల కాలంలో దక్కనీలు, ఆఫాఖీలు (బయటి నుంచి వచ్చినవారు) రెండు పక్షాలుగా చీలారు. ఇరువైపులా ముస్లిములే. ఆ కక్షల్లోనే 1481లో వజీరు మహమూద్ గవాన్ తల తెగింది. హైదరాబాదు సంస్థానంలో 1884లో ఫార్సీ స్థానంలో ఉర్దూ అధికార భాష అయింది. ఆ తర్వాత కొలువుల కోసం కొట్లాడుకున్నది ఎవరు? ఇక్కడి ఉర్దూవారు, ఉత్తరాది నుంచి వచ్చిన ఉర్దూవారు! ఉద్యోగానికి పదిహేనేళ్ల నివాసం ఉండాలన్న 1919 నాటి ముల్కీ ఫర్మానా వెనుక ఉన్నది ఈ గొడవే. ఇక 1952 ముల్కీ ఆందోళనలో, 1969లో, 1972 జై ఆంధ్ర ఉద్యమంలో ఇరుపక్షాలదీ తెలుగే. నిజాంసాగర్ కాలువ నీళ్లు వచ్చాక బోధన్, వర్ని వైపు కోస్తా రైతులు వచ్చి భూములు కొన్నారు. క్యాంపులు వెలిశాయి. వరి, చెరకు పండాయి. బోధన్‌లో 1937లో స్థాపించిన నిజాం చక్కెర కర్మాగారానికి చెరకు తోలిన బండ్లలో ఏ యాస బండి ఏదో ఎవరూ విడదీయలేదు. 2015 చివర్లో ఆ కర్మాగారం మూతపడినప్పుడు నష్టం కూడా యాసను చూసి రాలేదు.

దీనికి ఎదురు ఉదాహరణా ఉంది. మతం ఒకటే కదా, అందరికీ ఉర్దూ ఒక్కటే చాలునని 1948లో జిన్నా ఢాకాలో ప్రకటించారు. బెంగాలీ తల్లుల పిల్లలు ఒప్పుకోలేదు. 1952 ఫిబ్రవరి 21న విద్యార్థులపై తుపాకులు పేలాయి. 1971లో ఆ దేశమే రెండయింది. ఒకే ఖిబ్లా వైపు తిరిగి నమాజు చేసేవారే ఒకరినొకరు చంపుకున్నారు. ఆ ఫిబ్రవరి 21నే 1999లో యునెస్కో మాతృభాషా దినంగా ప్రకటించింది.

కనుక తగాదా భాషలో లేదు. కొలువు, నీళ్లు, భూమి, గౌరవం పంచుకోవడంలో అన్యాయం జరిగిన చోట అది పుడుతుంది. పుట్టాక భాష, ప్రాంతం అనే చొక్కా తొడుక్కుంటుంది.

బుఖారీ, ముస్లిం గ్రంథాల్లోని ఒక సంఘటన చూద్దాం. ఒక యుద్ధయాత్రలో ముహాజిర్ ఒకరు అన్సారీ ఒకరిని తన్నారు. ‘ఓ అన్సారులారా!’ అని ఆయన, ‘ఓ ముహాజిర్లారా!’ అని ఈయన కేక పెట్టారు. దైవప్రవక్త (స) ఆ కేకలను కంపు కొట్టే అజ్ఞానకాలపు పిలుపులన్నారు, వదిలేయమన్నారు. గమనించండి, ముహాజిర్, అన్సార్ అన్నవి ఖుర్ఆన్ మెచ్చుకున్న పేర్లు. పేరు చెడ్డది కాదు. న్యాయాన్యాయాలు చూడకుండా ‘మనవాడు’ అని గుంపును పిలవడమే చెడ్డది. కపట విశ్వాసుల నాయకుడు అబ్దుల్లా బిన్ ఉబయ్ వెంటనే ఈ అవకాశం అందుకున్నాడు. మదీనాకు తిరిగి వెళ్లాక గౌరవనీయులు నీచులను వెళ్లగొడతారన్నాడు (సూరా మునాఫిఖూన్, 8). ఇద్దరు మనుషుల తగవు ఊరి నుంచి వెళ్లగొట్టడం దాకా పోవడానికి ఎంతో సేపు పట్టలేదు.

అయితే మన ప్రాంతంపై ప్రేమ ఉండకూడదా? సరిగ్గా ఇదే ప్రశ్నను ఒకరు దైవప్రవక్త (స)ను అడిగినట్లు ఇబ్నె మాజాలో ఉంది. తన జాతిని ప్రేమించడం అసబియ్యత్ కాదు, అన్యాయంలో తన జాతికి తోడ్పడటమే అసబియ్యత్ అన్నది ఆయన జవాబు సారాంశం. దీన్ని కొలబద్దగా పెట్టుకుంటే ముల్కీ గొడవనూ సరిగా తూచవచ్చు. స్థానికుడి కొలువును దొంగ ముల్కీ సర్టిఫికెట్టుతో మరొకరు కాజేస్తే అడగడం హక్కు. 1956 ఫిబ్రవరిలో పెద్దమనుషుల ఒప్పందంలో రాసుకున్నవి అమలు చేయమనడం హక్కు. 2014 జూన్ 2న రాష్ట్రం ఏర్పడింది ఆ హక్కుల పేరు మీదే. కానీ ఎదుటివారి యాసను వెక్కిరించడం, సర్టిఫికెట్టుతో సంబంధమే లేని క్యాంపు రైతును ‘పో’ అనడం ఆ హక్కులోకి రావు. తెలంగాణ యాసను సినిమాల్లో మోటువాళ్ల నోట పెట్టి నవ్వుకున్న రోజులకూ ఇదే తూకం.

ఇతరులను తూచడం సులభం. మన మస్జిదు లోపలి సంగతి ఏమిటి? దూదేకుల సోదరులు తరతరాలుగా తెలుగు మాట్లాడేవారు. ‘ఉర్దూ రాదు’ అని వారి సంబంధం కాదనే ఇళ్లు మనలో లేవా? ఉర్దూ కలిమా కాదు. బిలాల్ (రజి)ది హబషీ మూలం, సల్మాన్ (రజి)ది ఫార్సీ. జైద్ బిన్ సాబిత్ (రజి)ను దైవప్రవక్త (స) యూదుల లిపి నేర్చుకోమన్నారు, ఆయన పదిహేను రోజుల్లోపే నేర్చుకున్నారని తిర్మిజీలో ఉంది. మరి తరం తర్వాత తరం ఇక్కడే పుట్టి పెరిగిన మనలో ఎందరు ఆలిములు తెలుగు తప్పుల్లేకుండా చదవగలరు? ఖుర్ఆన్‌ను తెలుగులోకి తొలుత తెచ్చింది చిలుకూరి నారాయణరావు గారనే ముస్లిమేతర పండితుడన్నది మనకు ఆలోచించవలసిన సంగతే.

ఉర్దూను వదిలేయాలని దీని అర్థం కాదు. 2017లో తెలంగాణ అంతటా అది రెండో అధికార భాష అయింది. మన దీనీ గ్రంథసంపద ఎంతో అందులోనే ఉంది. పిల్లలకు నేర్పాల్సిందే. కానీ తెలుగు మీడియంలో చదివే పిల్లవాడు జుమా బయాన్‌లో తల ఊపుతూ కూర్చుని, ఏమీ అర్థం కాకుండా లేచి వస్తున్నాడు. ఖుత్బా భాష విషయంలో ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. హనఫీ మస్జిదుల్లో అది అరబ్బీలోనే సాగుతుంది. దానికి ముందు చెప్పే బయాన్‌కు మాత్రం ఏ భాషా షరతూ లేదు. ఉర్దూ బయాన్ ఇరవై నిమిషాలైతే చివరి పది నిమిషాలు తెలుగులో చెప్పవచ్చు. ఇమాం సాహెబ్‌కు రాకపోతే, జమాఅత్‌లో తెలుగు చదివిన యువకుడెవరైనా ముందురోజు ఆయన దగ్గర కూర్చుని, విషయం రాసుకుని, ఆయనకు వినిపించి సరిచూసుకుని చెప్పవచ్చు. మస్జిదు కమిటీలు వచ్చే జుమా నుంచే దీన్ని మొదలుపెట్టవచ్చు.