ఇంగ్లీషున పరిమాణ వాచకములు, వాని వెంట నడచు చిన్న మాటలు

మన బాలబాలికలు ఇంగ్లీషు వ్యాసములు వ్రాయునపుడు పెద్ద మాటలకంటె చిన్న మాటలవద్దనే ఎక్కువగా తడబడుచుందురు. 'గవర్నమెంట్' అను పదమును ఒక్క అక్షరము తప్పకుండ వ్రాయగల విద్యార్థి 'సమ్ ఆఫ్ బాయ్స్' అని వ్రాసి మార్కు పోగొట్టుకొనును. 'మోస్ట్ ఆఫ్ పీపుల్', 'ఎ డజన్ ఆఫ్ ఎగ్స్', 'టూ బ్యాగ్స్ రైస్' అనునవియు ఈ కోవలోనివే. ఇవి అశ్రద్ధవలన కలిగిన తప్పులని మేము తలంపము. సమ్, మోస్ట్, ఆల్, హాఫ్ మొదలగు పరిమాణ వాచకములకును, ఆఫ్, ఇన్, బై, టు మొదలగు ప్రిపొజిషనులకును గల పొత్తును మనము మాట వెంట మాటగా కంఠస్థము చేయుచున్నాము గాని, దాని యుద్దేశ్యము విచారించుట లేదు. విచారించినచో తెలుగు వ్యాకరణము చదివిన విద్యార్థికి ఈ చిక్కులో సగము ముందే విడిపోయియున్నది.

'కి, కు, యొక్క, లో, లోపల' అని షష్ఠీ విభక్తి ప్రత్యయములను తెలుగు తరగతిలో అందరును వల్లించియుందురు. 'ఇంటిలో', 'అడవిలో' అనునపుడు 'లో' చోటును తెలుపుచున్నది గదా, దానిని 'యొక్క' సరసన షష్ఠిలో నేల కూర్చుండబెట్టిరని అడిగిన విద్యార్థి అరుదు. కారణము నిర్ధారణము. ఒక గుంపునుండి కొందరిని, ఒక రాశినుండి కొంతను వేరుచేసి చెప్పుటకు నిర్ధారణమని పేరు. 'బాలురలో కొందరు', 'పండ్లలో సగము', 'మాలో ఒకడు' అనునపుడు ఆ 'లో' చోటును తెలుపదు. ఏ రాశినుండి తీసితిమో ఆ రాశిని చూపును. ఇంగ్లీషు 'ఆఫ్' సరిగా ఈ రెండు పనులను చేయును. 'ది రూఫ్ ఆఫ్ ది హౌస్' అనునపుడు అది మన 'యొక్క'. 'సమ్ ఆఫ్ ది బాయ్స్' అనునపుడు మన 'లో'. మన వైయాకరణులు ఒకే విభక్తియందు చేర్చిన రెండర్థములను ఇంగ్లీషువారు ఒకే మాటయందు చేర్చుకొనిరి.

కావున వ్రాయుటకు ముందు తెలుగున 'లో' వచ్చునా రాదా యని చూడవలయును. 'కొందరు బాలురు చెట్టెక్కిరి' అన్నచో 'సమ్ బాయ్స్'. అచట 'ఆఫ్'నకు పని లేదు. 'బాలురలో కొందరు చెట్టెక్కిరి' అన్నచో 'సమ్ ఆఫ్ ది బాయ్స్'. ఈ 'ది'ని విడువరాదు. రాశినుండి తీయవలెనన్న ఆ రాశి యేదియో ముందు తెలిసియుండవలయును. ఏ బాలురో తెలియక వారిలో కొందరిని ఏరుట యెట్లు? 'ది' కాకున్న 'దీజ్', 'అవర్', 'మై' వంటి మాట యేదైన అచట నిలువవలయును. 'దెమ్', 'అస్' అను సర్వనామములు తమంత తామే తెలిసినవి గనుక వానికి 'ది' అక్కరలేదు. ఊరి పేరును అట్టిదే: 'మోస్ట్ ఆఫ్ ది విలేజ్' అనవలయును గాని, 'మోస్ట్ ఆఫ్ వేంసూర్' అనిన చాలును. 'మోస్ట్ పీపుల్' అనగా లోకమున చాలమంది. 'మోస్ట్ ఆఫ్ ది పీపుల్ హియర్' అనగా ఇచటి జనులలో చాలమంది. 'మోస్ట్ ఆఫ్ పీపుల్' అనునది రెంటికి చెడిన రేవడి.

మన ప్రాంతపు ఉదాహరణ మొకటి చెప్పెదము. 2014వ సంవత్సరమున రాష్ట్ర విభజన సమయమున ఖమ్మము జిల్లాలోని భద్రాచలము మండలము ఆంధ్రప్రదేశమున చేరినది. భద్రాచలము రెవెన్యూ గ్రామము మాత్రము తెలంగాణమున నిలిచినది. దీనిని ఇంగ్లీషున చెప్పవలసివచ్చినపుడు 'ఆల్ ఆఫ్ భద్రాచలం మండల్ ఎక్సెప్ట్ ది రెవెన్యూ విలేజ్' అందురు. 'ఆఫ్' రాశిని చూపినది. 'ఎక్సెప్ట్', అనగా మన 'తప్ప', ఆ రాశినుండి తీసివేసినదానిని చూపినది. ఈ రెండు చిన్న మాటలలో ఏది జారినను రాముని కోవెల ఏ రాష్ట్రముననున్నదో తెలియకపోవును.

ఆల్, బోత్, హాఫ్ అను మూడు మాటలకు కొంత స్వేచ్ఛ కలదు. 'ఆల్ ది బాయ్స్' అనినను 'ఆల్ ఆఫ్ ది బాయ్స్' అనినను ఒప్పే. సర్వనామము వచ్చినపుడు మాత్రము ఆ స్వేచ్ఛ పోవును; 'హాఫ్ ఆఫ్ దెమ్' అనవలసినదే.

వ్యతిరేకార్థమున నింతకంటె పెద్ద ప్రమాద మున్నది. 'రుసుము అంతయు చెల్లింపలేదు' అని తెలుగున వ్రాసినచో కొంత చెల్లించి కొంత నిలిపిరా, అసలే చెల్లింపలేదా? మాటలాడునపుడు గొంతు తీరునుబట్టి గ్రహింతుము. జాబులో గొంతు వినబడదు గదా! ఇంగ్లీషున 'ఆల్ ది ఫీ హాజ్ నాట్ బీన్ పెయిడ్' అని వ్రాసినను అదే సందేహము. 'నాట్ ఆల్ ఆఫ్ ది ఫీ' అనగా కొంత మిగిలినదనియు, 'నన్ ఆఫ్ ది ఫీ' అనగా పైసయు చెల్లింపలేదనియు స్పష్టమగును. సగము రుసుము కట్టిన తండ్రి తన జాబులో ఈ రెండవ మాటను వ్రాసినచో తానిచ్చిన సొమ్మును తానే లేదన్నవాడగును.

ఇక తెలుగున 'లో' లేకయే ఇంగ్లీషున 'ఆఫ్' వచ్చు చోటు లున్నవి. గుప్పెడు బియ్యము, చారెడు పప్పు, గంపెడు పూలు, బండెడు గడ్డి: మనకు 'ఎడు' అను ప్రత్యయమే చాలును. ఇంగ్లీషునను 'హ్యాండ్‌ఫుల్' అని ప్రత్యయ మున్నది గాని, దాని తరువాత 'ఆఫ్' లేక బియ్యము రాదు. 'ఎ హ్యాండ్‌ఫుల్ ఆఫ్ రైస్', 'టూ బ్యాగ్స్ ఆఫ్ రైస్' అనవలసినదే. అయితే 'రెండు బస్తాల బియ్యము' అనునపుడు 'బస్తాలు' అను మాట 'బస్తాల' యని మారుటను చూడుడు. ఆ మార్పే షష్ఠి. మనము 'ఆఫ్'ను అనకపోలేదు, మాట చివర దాచితిమి.

'ఎ లాట్ ఆఫ్', 'ప్లెంటీ ఆఫ్' అనునవి యీ జాతివే. 'లాట్' అనగా మొదట వాటా, పాలు అని యర్థము. బస్తావలె అదియు నామవాచకమే గనుక 'ఆఫ్' కోరును. క్రియ మాత్రము తరువాతి మాటను అనుసరించును: 'ఎ లాట్ ఆఫ్ రైస్ ఈజ్', 'ఎ లాట్ ఆఫ్ మ్యాంగోస్ ఆర్'. 'ఎ నంబర్ ఆఫ్ బాయ్స్' అనగా పలువురు బాలురు గనుక 'ఆర్'. 'ది నంబర్ ఆఫ్ బాయ్స్' అనగా బాలుర సంఖ్య, అది యొక్కటే గనుక 'ఈజ్'. పరీక్షకులకు మిక్కిలి ప్రీతిపాత్రమైన ప్రశ్న యిది.

లెక్క స్థిరమైనపుడు 'ఆఫ్' తొలగును. 'ఎ డజన్ ఎగ్స్', 'టూ హండ్రెడ్ మెన్'. లెక్క తెలియక 'డజన్లకొలది', 'వేలకొలది' అనునపుడు తిరిగి వచ్చును. శ్రీరామనవమికి భద్రాచలమునకు వచ్చువారు 'థౌజండ్స్ ఆఫ్ పిల్‌గ్రిమ్స్'. మన 'కొలది' ఉన్నచోట వారి 'ఆఫ్' ఉండునని గుర్తుంచుకొనవచ్చును.

'ఆఫ్'ను విడిచి తక్కిన ప్రిపొజిషనులను చూతము. వేసవిలో అడవి పల్లెలవారు తునికాకు కోసి ఏబదేసి ఆకులు కట్టగా కట్టుదురు. వేయి కట్టలు ఒక సంచి. 'కట్టకు ఏబది ఆకులు' అనుటకు ఇంగ్లీషున 'ఫిఫ్టీ లీవ్స్ టు ది బండిల్' అందురు. మన 'కు'నకు వారి 'టు' అచ్చముగ సరిపోయినది. 'ఎకరమునకు ఇన్ని బస్తాలు' అనుటయు నిట్లే. కూలి కట్టల లెక్కన ఇత్తురన్నచో 'బై ది బండిల్'. 'లెక్కన' ఉన్నచోట 'బై' వచ్చును, దాని వెంట 'ది' తప్పదు. కాని 'కు' ఉన్నచోట నెల్ల 'టు' వచ్చునని భ్రమపడరాదు. పదవ తరగతిలో ఉత్తీర్ణతకు 'నూటికి 35' అందుము; ఇంగ్లీషున అది 'థర్టీఫైవ్ అవుట్ ఆఫ్ ఎ హండ్రెడ్'. 'పదిమందికి ఒకడు' అనునది 'వన్ ఇన్ టెన్'. ఇచట నూరు, పది అనునవి రాశులు. మార్కులను, మనిషిని ఆ రాశులనుండి తీసిచూపుచున్నాము గనుక ఇంగ్లీషువాడు మరల 'లో' వైపునకే తిరిగెను.

పెరుగుదల, తరుగుదలలను తెలుపునపుడు జాగ్రత్త మరింత కావలయును. నాలుగువందల రూపాయల దినకూలి ఐదువందలకు పెరిగినచో 'రోజ్ టు ఫైవ్ హండ్రెడ్'. వంద పెరిగినచో 'రోజ్ బై ఎ హండ్రెడ్'. నామవాచకముగ చెప్పినచో 'ఎ రైజ్ ఆఫ్ ఎ హండ్రెడ్'. కూలి పెంపును కోరుచు అర్జీ వ్రాయువాడు 'బై' అనవలసినచోట 'టు' అని 'రైజ్ అవర్ వేజెస్ టు ఎ హండ్రెడ్' అని వ్రాసినచో, మూడువందలు తగ్గింపుడని తానే వేడుకొన్నట్లగును.

'ఆఫ్' తరువాత నిలుచు రాశి ఎంత పనిచేయునో భారత రాజ్యాంగము 368వ అధికరణమున చూడవచ్చును. రాజ్యాంగమును సవరించు బిల్లునకు ప్రతి సభయందును రెండు లెక్కలు తీరవలయును. ఒకటి, ఆ సభయొక్క మొత్తము సభ్యత్వములో సగమునకు మించినవారు. రెండు, హాజరై వోటు వేసిన సభ్యులలో మూడింట రెండువంతులకు తక్కువ కానివారు. ఇంగ్లీషు మూలమున రెండుచోట్లను ఉన్నది 'ఆఫ్' ఒక్కటే, రాశులు మాత్రము వేరు. లోకసభ స్థానములు 543. ఒకనాడు 330 మంది హాజరై వోటు వేసిరనుకొందము. వారిలో మూడింట రెండువంతులు 220. అంతమంది ఒప్పుకొన్నను బిల్లు నెగ్గదు; మొత్తము 543లో సగమునకు మించవలెనన్న 272 మంది కావలయును. వేరొకనాడు 450 మంది వోటు వేసిరనుకొందము. ఆనాడు 272 చాలవు, 300 కావలయును.