దూబగుంట స్త్రీలు నేర్పిన పాఠం

ఆసుపత్రికి వచ్చిన కుటుంబం డాక్టరుగారికి ఎన్నో విషయాలు చెబుతుంది. జ్వరం ఎప్పుడు వచ్చింది, ఏ మాత్రలు వేశారు, అన్నం ఎంత తిన్నారు, అన్నీ చెబుతుంది. ఒక్క విషయం మాత్రం చాలామంది దాస్తారు. అది తాగుడు. "ఎప్పుడైనా కొంచెం తీసుకుంటారండీ" అని భార్య మెల్లగా అంటుంది. "మావాడికి అలాంటి అలవాట్లేమీ లేవు" అని తల్లి అంటుంది. చెబితే ఇంటి పరువు పోతుందని వారి భయం.

ఆ భయాన్ని పక్కనబెట్టి నోరు విప్పిన స్త్రీలు మన తెలుగునాట ఉన్నారు. వారి కథ తెలుసుకుంటే మీకూ ధైర్యం వస్తుంది.

రాత్రి బడిలో మొదలైన మాట

1980లలో ప్రభుత్వ పథకం 'వారుణి వాహిని' కింద సారాను చిన్న ప్యాకెట్లలో నింపి అమ్మేవారు. జేబులో పట్టే ప్యాకెట్టు కాబట్టి అది మారుమూల పల్లెకు కూడా చేరింది. కూలి డబ్బు ఇంటికి రాకముందే సారా కొట్టులో ఖర్చయిపోయేది. పొయ్యి వెలిగించడానికి ఇల్లాలి కూలి ఒక్కటే మిగిలేది. ఒక్కోసారి దాన్నీ లాక్కునేవారు.

1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. పగలంతా కూలి పని చేసిన స్త్రీలు రాత్రిపూట పలక పట్టుకుని కూర్చున్నారు. తాగుడు వల్ల సంసారం ఎలా చితికిపోతుందో చెప్పే పాఠాలు వారి వాచకంలో ఉన్నాయి. 'సీతమ్మ కథ' అలాంటి పాఠమే. చదివినవారు "ఇది నా కథే" అనుకున్నారు. పక్కన కూర్చున్న ఆమెది కూడా అదే కథ అని అక్కడే తెలిసింది. అంతవరకు ఎవరి ఇంట్లో వారు ఏడ్చారు. ఆ తరువాత కలిసి మాట్లాడుకున్నారు.

ఆ జిల్లాలోని దూబగుంట గ్రామంలో వర్ధినేని రోశమ్మ, ఆమెతోటి స్త్రీలు తమ ఊరి సారా కొట్టును మూయించారు. వారి విజయం 'ఆడవాళ్ళు ఏకమైతే' అనే పాఠంగా తరువాతి వాచకంలోకి ఎక్కింది. దాన్ని చదివిన ఊళ్ళు తామూ లేచాయి. సారా బండ్లను ఊరి పొలిమేరలోనే ఆపారు. ప్యాకెట్లను తగలబెట్టారు. తాగి వచ్చిన మగవారికి అన్నం వండేది లేదన్నారు. 1992లో సారా వేలం పాటలనే అడ్డుకున్నారు. వీరిలో చాలామంది దళిత, వెనుకబడిన కులాలకు చెందిన కూలి స్త్రీలు. వారి వెనుక డబ్బు లేదు, పలుకుబడి లేదు.

సారా వేలం ప్రభుత్వానికి పెద్ద ఆదాయం. అయినా ప్రభుత్వం దిగివచ్చింది. 1993 ఏప్రిల్ 15 నుండి నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారాను నిషేధించింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. 1997లో దానిని సడలించారు. బ్రాందీ, విస్కీ షాపులు తిరిగి తెరుచుకున్నాయి. సారాపై నిషేధం మాత్రం నిలిచింది. నెల్లూరు స్త్రీలు రోజుకొక రూపాయి చొప్పున దాచుకుంటూ 'పొదుపులక్ష్మి' సంఘాలు పెట్టుకున్నారు. సారా కొట్టుకు పోయే డబ్బు బ్యాంకు పుస్తకంలోకి చేరింది.

ఈ కథలో మనకున్న పాఠం

చట్టం వచ్చింది, కొంత పోయింది. అంతకన్నా గట్టిగా నిలిచిన మార్పు ఒకటుంది. తాగుడు ఒక్క ఇంటి కర్మ అనీ, భార్య నోరు మూసుకుని భరించాలనీ అనుకునే రోజులకు ఆ స్త్రీలు ఎదురు నిలిచారు. మీ ఇంట్లో ఈ సమస్య ఉంటే మీరు చేయవలసిన మొదటి పని కూడా అదే. దాచకండి. చెప్పండి.

డాక్టరుగారికి నిజం ఎందుకు చెప్పాలి?

1. రోజూ ఎక్కువగా తాగే వ్యక్తి ఆసుపత్రిలో చేరగానే తాగుడు ఒక్కసారిగా ఆగిపోతుంది. తరువాతి రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, చెమటలు పట్టడం, ఫిట్స్ రావడం, లేనివి కనిపించి కేకలు పెట్టడం జరగవచ్చు. ఇది ప్రాణాపాయం. ముందే తెలిస్తే మందులతో నివారించవచ్చు. ఇదే కారణంగా ఇంట్లో కట్టేసి, గదిలో పెట్టి మాన్పించే ప్రయత్నం చేయకండి.

2. కాలేయానికి మొదట కొవ్వు పడుతుంది, తరువాత వాపు వస్తుంది, చివరకు గట్టిపడుతుంది. కొవ్వు పట్టిన దశలో మానేస్తే కాలేయం చాలావరకు కోలుకుంటుంది. కళ్ళు పచ్చబడటం, పొట్ట ఉబ్బడం, రక్తపు వాంతి, నల్లటి విరేచనం కనిపిస్తే ఆలస్యం చేయకండి.

3. "మాన్పించే మందు" అని చెప్పి కొందరు మాత్రలిస్తారు. వాటిని భర్తకు తెలియకుండా కూరలో, కాఫీలో కలపకండి. డైసల్ఫిరామ్ వంటి మందు మీద మద్యం తాగితే బి.పి. పడిపోయి ప్రాణమే పోవచ్చు. రోగికి చెప్పి, అతని ఒప్పుదలతో, డాక్టరు పర్యవేక్షణలో మాత్రమే వాడాలి.

4. నాటు సారా, కల్తీ మద్యం తాగినవారికి చూపు మసకబారితే అది మిథనాల్ విషం కావచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. చూపును, ప్రాణాన్ని కాపాడే వ్యవధి చాలా తక్కువ.

తాగుడుకు బానిస కావడం ఒక జబ్బు. దానికి మందులు, కౌన్సెలింగ్ ఉన్నాయి. మానిన తరువాత మళ్ళీ మొదలుపెట్టినా నిరాశ పడకండి. మళ్ళీ తీసుకురండి. జబ్బు అన్నాం కదా అని దెబ్బలను మాత్రం భరించనవసరం లేదు. 2005 నాటి గృహహింస చట్టం మీకు రక్షణ కల్పిస్తుంది.

ఒంటరిగా ఉండకండి

దూబగుంట స్త్రీలు ఒక్కొక్కరుగా వెళ్ళి ఉంటే సారా కొట్టు మూతపడేది కాదు. మీరు కూడా తోడు వెతుక్కోండి. మీ పొదుపు సంఘంలో ఈ మాట ఎత్తండి. తాగుడు మానాలనుకునేవారికి ఆల్కహాలిక్స్ అనానిమస్, వారి కుటుంబాలకు అల్-అనాన్ సమావేశాలు కొన్ని పట్టణాల్లో జరుగుతున్నాయి. వ్యసన విముక్తి సలహాకు 14446, మనసు బాగాలేనప్పుడు 14416, స్త్రీల సహాయానికి 181 నంబర్లకు ఫోన్ చేయవచ్చు.

మీ ఊళ్ళో బడి పక్కనో, ఇళ్ళ మధ్యనో అనుమతి లేకుండా మద్యం అమ్ముతుంటే పదిమంది సంతకాలతో ఎక్సైజ్ అధికారులకు అర్జీ ఇవ్వండి. గ్రామసభలో అడగండి. సంతకం చేయగలగడంతోనే నెల్లూరు స్త్రీల బలం మొదలైందని గుర్తుంచుకోండి.

ఇంట్లో కలిసి ఆలోచించండి

• మన ఇంట్లో తాగుడు గురించి డాక్టరుగారికి చెప్పని విషయం ఏదైనా ఉందా?
• మన వీధిలో ఇదే బాధ పడుతున్న మరో ఇల్లాలు ఎవరు? ఆమెతో మొదటి మాట ఎవరు మాట్లాడతారు?
• మన పిల్లలు ఈ విషయంలో మననుండి ఏమి నేర్చుకుంటున్నారు?

ఈరోజు డాక్టరుగారు రౌండ్స్‌కు వచ్చినప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు చెప్పండి. అందరిముందు చెప్పలేకపోతే నర్సుగారిని పక్కకు పిలిచి చెప్పండి.