టైగర్‌కు కూడా చోటున్న ఇల్లు

చిరంజీవి అమ్మడికి,

బెర్లిన్‌లో ఉద్యోగం ఖాయమైందని మీ అమ్మ ఈ పెద్దమ్మకు ఫోన్‌లో చెబుతుంటే వెనకాల టైగర్ అరుపు వినిపించింది. మీ అమ్మ గొంతు తగ్గించి, "దాన్ని ఎవరికైనా ఇచ్చి వెళ్లమంటున్నాం, వింటేనా" అంది. ఇవ్వక్కర్లేదు. ఏడేళ్ల కిందట వానలో తడుస్తూ మీ గేటు కింద దూరిన కుక్కపిల్ల అది. ఇప్పుడు ఇంకో గేటు కిందికి దాన్ని తోలాల్సిన అవసరం లేదు. కాకపోతే తేదీలు లెక్క చూసుకుని కదలాలి. జర్మనీకి కుక్కను తీసుకొచ్చే మనవాళ్లు ముందు టికెట్ కొంటారు, తర్వాత ఇల్లు వెతుకుతారు, ఆఖర్న కుక్క కాగితాల సంగతి అడుగుతారు. నువ్వు ఈ వరుసను పూర్తిగా తిప్పెయ్యాలి.

ముందు కాగితాలు. రేబిస్ విషయంలో యూరోపియన్ యూనియన్ నమ్మే దేశాల జాబితాలో మన దేశం లేదు. అందుకని మన దేశపు కుక్కకు టీకా ఒక్కటే చాలదు. ముందు మెడ దగ్గర మైక్రోచిప్ పెట్టించాలి, ఆ తర్వాతే రేబిస్ టీకా. చిప్ పెట్టకముందు వేయించిన టీకాను వాళ్లు లెక్కలోకి తీసుకోరు. టీకా వేసి కనీసం 30 రోజులు గడిచాక రక్తం తీసి, యూరోపియన్ యూనియన్ గుర్తించిన ల్యాబుకు పంపాలి. మిల్లీలీటరుకు 0.5 ఇంటర్నేషనల్ యూనిట్లకు తగ్గకుండా యాంటీబాడీలు ఉన్నాయని ఫలితం రావాలి. అది వచ్చినా వెంటనే విమానం ఎక్కించడానికి లేదు. రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. ఆ తర్వాత టీకా గడువు దాటకుండా బూస్టర్లు వేయిస్తూ ఉంటే మళ్లీ రక్తపరీక్ష అక్కర్లేదు. ప్రయాణానికి ముందు జంతు క్వారంటైన్ కార్యాలయం ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం మాత్రం పది రోజుల్లోపలిదై ఉండాలి. ఆ కార్యాలయం హైదరాబాదులోనూ ఉంది, చెన్నై దాకా తిరగనక్కర్లేదు.

ఇవాళ మొదలుపెట్టినా నాలుగు నెలలు పడుతుంది. నీ ఉద్యోగం సెప్టెంబరులో. కాబట్టి టైగర్ నీతో పాటు రాదు. ఈ మాట చదివి కళ్లనీళ్లు పెట్టుకోకు, ఎందుకంటే ఆ ఆగే నెలలు నీకు ఇంటి కోసం కావాల్సినవే.

బెర్లిన్‌లో ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు మొదట అడిగేది గత మూడు నెలల జీతం స్లిప్పులు. రెండోది షూఫా, అంటే మనిషి అప్పులు, బకాయిలు సరిగా కడుతున్నాడో లేదో చెప్పే కాగితం. కొత్తగా దిగినవాళ్ల దగ్గర ఈ రెండూ ఉండవు. కుక్క లేనివాళ్లకే ఆ స్థితిలో సొంత ఒప్పందంతో ఇల్లు దొరకడం గగనం. అందుకని మొదటి మూడు నెలలు సామానుతో సహా ఇచ్చే తాత్కాలిక గదిలో ఒక్కదానివే ఉండు. అడ్రసు నమోదుకు ఒప్పుకునే గది అయితేనే తీసుకో. ఇంట్లో దిగిన రెండు వారాల్లో నమోదు చేయించుకోవడం చట్టం, దానికి ఇంటివాళ్ల సంతకం కావాలి. అది లేకపోతే ఆ తర్వాత ప్రతి పనీ ఆగుతుంది. సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు స్లిప్పులు చేతికొచ్చేసరికి హైదరాబాదులో టైగర్ గడువు కూడా తీరిపోతుంది.

ఒక్క జాగ్రత్త. "తర్వాత ఎవరో ఒకరు తీసుకొస్తారులే" అనుకోకు. యజమాని ప్రయాణానికీ కుక్క ప్రయాణానికీ మధ్య ఐదు రోజులకు మించి తేడా ఉంటే దాన్ని పెంపుడు జంతువు ప్రయాణంగా కాక, వ్యాపార సరుకు రవాణా లెక్కన చూస్తారు, ఆ నిబంధనలు వేరు. సంక్రాంతికి నువ్వే ఇంటికి వెళ్లి తీసుకురా. నాన్నకు కూడా అదే చెప్పు.

ఇక ఇల్లు. జర్మనీలో సగానికి పైగా జనం అద్దె ఇళ్లలోనే బతుకుతారు. దేశంలో సుమారు కోటి కుక్కలున్నాయి. అద్దె ఇళ్లలో కుక్కలుండటం ఇక్కడ వింత కాదు. కోర్టులు కూడా ఆ సంగతి గుర్తించాయి. గెల్సెన్‌కిర్షెన్ అనే ఊళ్లో ఒక కుటుంబం సహకార గృహ సంఘం ఇంట్లో అద్దెకు దిగింది. కుక్కలు, పిల్లులు పెంచకూడదని ఒప్పందంలో అచ్చు వేసిన షరతు ఉంది. వాళ్ల వెంట భుజం దగ్గర 20 సెంటీమీటర్ల ఎత్తుండే చిన్న కుక్క. జబ్బుగా ఉన్న కొడుకు కోసం డాక్టరే పెంచుకోమన్నాడు. నాలుగు వారాల్లో కుక్కను తీసేయమని సంఘం నోటీసిచ్చింది. ఆ గొడవ కింది కోర్టుల నుంచి కార్ల్స్‌రూయెలోని ఫెడరల్ కోర్టు దాకా వెళ్లింది. అచ్చు ఒప్పందంలో "కుక్కలూ పిల్లులూ అసలే వద్దు" అని గంపగుత్తగా రాస్తే అది చెల్లదని 2013 మార్చి 20న తీర్పు వచ్చింది. ఇంటివాళ్ల ఇబ్బంది, అద్దెకున్నవాళ్ల అవసరం, ఇరుగుపొరుగు బాధ, కుక్క పరిమాణం, ప్రవర్తన అన్నీ తూచి ఏ ఇంటి సంగతి ఆ ఇంటికి తేల్చాలి అంది కోర్టు.

హైదరాబాదులో మీ అపార్ట్‌మెంట్ సంఘం వాళ్లు టైగర్‌ను లిఫ్టులో ఎక్కనివ్వం అన్నప్పుడు నువ్వు జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాలు ప్రింటు తీసి పట్టుకెళ్లావు కదా, ఆ పట్టుదల మెచ్చుకోవాల్సిందే. ఈ తీర్పు చదివి కూడా నువ్వు అలాగే సంబరపడతావని పెద్దమ్మకు తెలుసు. కానీ బాగా గమనించు. ఈ తీర్పు ఇంట్లో చేరినవాళ్లకు. ఇల్లు చూడటానికి వచ్చిన నలభై మందిలో ఎవరికివ్వాలో తేల్చుకునే స్వేచ్ఛ ఇంటివాళ్లదే. కుక్క ఉందని నిన్ను పక్కన పెట్టినా కారణం చెప్పరు, అడిగే వీలూ లేదు.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. కుక్క సంగతి దాచిపెట్టి సంతకం చేసి, తాళాలు చేతికొచ్చాక తెచ్చుకుంటారు. నీకు ఈ సలహా ఇచ్చేవాళ్లు తప్పకుండా ఎదురవుతారు. జర్మనీకి వచ్చిన కొత్తలో పెద్దమ్మ, పెదనాన్న కూడా మొదటి ఇంటికి అదే పని చేశారు. ఇంటాయన కింది అంతస్తులోనే ఉండేవాడు. రెండో వారంలో మెట్ల మీద కుక్కను చూశాడు. అరవలేదు, తిట్టలేదు. మర్నాటి నుంచి పలకరింపు మానేశాడు. తర్వాత ఉత్తరాలు మొదలయ్యాయి: మెట్ల మీద వెంట్రుకలు, మధ్యాహ్నం అరుపు, తలుపు మీద గీతలు. పట్టుబట్టి ఉంటే ఆ ఇంట్లో ఉండగలిగేవాళ్లేమో. కానీ ప్రతి సాయంత్రం తాళం తిప్పే ముందు గుండె దడదడలాడేది. కుక్క కూడా అది పసిగట్టి తలుపు చప్పుడైతే చాలు మంచం కిందికి దూరేది. పదకొండు నెలలకు ఆ ఇల్లు ఖాళీ చేశారు. తప్పు ఇంటాయనది కాదు.

పైగా అద్దె దరఖాస్తులో పెంపుడు జంతువుల గడి ఉంటుంది. అక్కడ "లేదు" అని అబద్ధం రాస్తే, తర్వాత ఆ కాగితమే నీ మీద సాక్ష్యమవుతుంది. కాబట్టి మొదటి ఫోన్‌లోనే, మొదటి మెయిల్‌లోనే టైగర్ పేరు రావాలి. పది ఇళ్లు పోతాయి. పోనీ. అవి ఎలాగూ టైగర్‌కు నప్పే ఇళ్లు కావు.

ఇమ్మోస్కౌట్ లాంటి సైట్లలో ప్రకటన చూసేటప్పుడు పెంపుడు జంతువులు అన్న వరుస చూడు. అక్కడ "నైన్" అని ఉంటే వదిలెయ్యి. "నాఖ్ ఫెరైన్‌బారుంగ్" అని ఎక్కువగా కనిపిస్తుంది, అంటే మాట్లాడుకుని తేల్చుకుందాం అని. నీకు పనికొచ్చేవి అవే. నేల అంతస్తు ఇళ్ల మీద స్థానికులకు మోజు తక్కువ, వెలుతురు రాదని. నీకు మాత్రం అవి వరం: కింద ఎవరూ ఉండరు, గోళ్ల చప్పుడు గొడవ ఉండదు. పాతకాలపు ఐదంతస్తుల భవనాల్లో లిఫ్టు ఉండకపోవడమే మామూలు. ఇవాళ టైగర్‌కు ఏడేళ్లు, నాలుగేళ్లు పోయాక దాని నడుము నాలుగంతస్తుల మెట్లెక్కగలదా? ఆ మాట ఇప్పుడే ఆలోచించు. నగరం నడిబొడ్డున ఉండాలన్న పట్టుదల వదిలి ష్పాండౌ, కోపెనిక్ వైపు చూడు. ఆఫీసుకు రైల్లో ఇంకో ఇరవై నిమిషాలు పడుతుంది, కానీ చుట్టూ చెట్లూ నీళ్లూ ఉంటాయి.

ఇల్లు చూడటానికి వెళ్లేటప్పుడు ఒక ఫైలు పట్టుకెళ్లు. జీతం స్లిప్పులు, షూఫా, పాస్‌పోర్టు నకలు, హైదరాబాదులో మీ ఇంటి ఓనరు రాసిచ్చిన ఉత్తరం. అద్దె బాకీ లేదని, కుక్క వల్ల ఇంటికి నష్టం జరగలేదని, ఇరుగుపొరుగు ఫిర్యాదు చేయలేదని ఓనరు చేత ఇంగ్లీషులో రాయించి, సంతకంతో ఇప్పుడే తీసుకో, తర్వాత ఆయన చేత రాయించడం కష్టం. ఆ ఫైలు ఆఖరి పేజీ టైగర్‌ది. ఫొటో, వయసు, బరువు, టీకాల పుస్తకం నకలు, ఇంట్లో ఎంతసేపు ఒంటరిగా ఉండగలదో, పగలు ఎవరు చూస్తారో రెండు వాక్యాల్లో. జాతి అడిగితే దిగులు పడకు. మన ఊరకుక్కను వాళ్లు "మిష్‌లింగ్" అంటారు, సంకరజాతి అని. ఆ మాటలో చులకన లేదు, ఇక్కడి కుక్కల్లోనూ బోలెడు అలాంటివే. కొన్ని జాతులకు మాత్రం గేటే మూసి ఉంటుంది. 2000లో హాంబుర్గ్‌లో ఆరేళ్ల పిల్లాడిని కుక్కలు చంపేసిన తర్వాత, మరుసటి ఏడాది పిట్‌బుల్ టెర్రియర్, అమెరికన్ స్టాఫర్డ్‌షైర్ టెర్రియర్, స్టాఫర్డ్‌షైర్ బుల్ టెర్రియర్, బుల్ టెర్రియర్ జాతుల్ని దేశంలోకి తేకుండా చట్టం చేశారు. మీ ఎదురింటి కుర్రాడు పిట్‌బుల్‌తో జర్మనీ వస్తానంటున్నాడని విన్నాను, వాడికి ఈ ముక్క చెప్పు.

ఒప్పుకున్న ఇంటివాళ్ల దగ్గర నోటిమాటతో సరిపెట్టుకోకు. టైగర్ పేరుతో, ఫలానా కుక్కను పెంచుకోవడానికి అనుమతి అని ఒప్పందంలో ఒక వాక్యం రాయించు. ఆ అనుమతి టైగర్‌కే. రేపు ఇంకో కుక్కను తెస్తే మళ్లీ అడగాలి.

డబ్బు సంగతి. కుక్క ఉంది కాబట్టి ఎక్కువ అడ్వాన్సు కడతాను అని నువ్వే బేరం పెట్టకు. కరెంటు, హీటింగ్ లాంటి ఖర్చులు కలపని అద్దెకు మూడు రెట్లు మించి డిపాజిట్ తీసుకోకూడదని చట్టం, దాన్ని మూడు నెలసరి వాయిదాల్లో కట్టే హక్కు కూడా ఉంది. బెర్లిన్‌లో మొదటి కుక్కకు ఏడాదికి 120 యూరోల పన్ను, రెండోది ఉంటే దానికి 180. చిప్పు తప్పనిసరి. కుక్క ఎవరికైనా నష్టం కలిగిస్తే భరించే బాధ్యతా బీమా కూడా తప్పనిసరి, కనీసం పది లక్షల యూరోల మేరకు. 2022 నుంచి నగర రిజిస్టరులో నమోదు కూడా ఉంది. ఆ బీమా కాగితాన్ని ఇల్లు చూడటానికి వెళ్లేటప్పుడే చూపిస్తే సగం భయం పోతుంది. ఇంటివాళ్లు జడిసేది కుక్కకు కాదు, గీతలు పడ్డ చెక్క నేలకు ఎవరు డబ్బిస్తారా అని. పాలసీ తీసుకునేటప్పుడే అద్దె ఇంటికి జరిగే నష్టం కూడా అందులో కలిసిందో లేదో అడిగి చూసుకో.

ఇంకో మాట, చెప్పకుండా ఉండలేక చెబుతున్నది. "కుక్కలకు అభ్యంతరం లేదు, అద్దె తక్కువ, నేను విదేశంలో ఉన్నాను, డిపాజిట్ పంపితే తాళాలు కొరియర్‌లో వస్తాయి" అని ఎవరైనా రాస్తే జవాబు కూడా ఇవ్వకు. అలసిపోయి ఉన్నప్పుడు అది దేవుడు పంపిన ఇల్లులా కనిపిస్తుంది. లోపలికి అడుగు పెట్టి చూడని ఇంటికి ఒక్క యూరో కూడా పంపకు.

ఇల్లు దొరికాక అసలు పరీక్ష అరుపుది. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా చప్పుడు చేయకూడదు. కుక్క ఏకబిగిన 10 నిమిషాలు, రోజు మొత్తం మీద 30 నిమిషాలు మించి అరవకూడదని 1993లో కొలోన్ పై కోర్టు ఒక కేసులో చెప్పింది. ఎప్పుడూ అమ్మమ్మో, పనిమనిషో ఉండే ఇంట్లో పెరిగిన టైగర్ ఒంటరితనం ఎరగదు. ఆ అలవాటు ఇక్కడికి వచ్చాక నేర్పితే పక్కింటివాళ్లు భరించరు. నాన్నను ఈ రోజు నుంచే మొదలుపెట్టమను: ఐదు నిమిషాలు గదిలో ఒంటరిగా, తర్వాత పది, తర్వాత అరగంట. సంక్రాంతి దాకా బోలెడు సమయం ఉంది. కుక్కను బయట తగినంత సేపు తిప్పాలని ఇక్కడ నిబంధన. అది నీ దినచర్యలో పడాలి. ఆఫీసుకు కుక్కను తీసుకురానిస్తారా అని చేరకముందే అడుగు. బెర్లిన్‌లో అలా రానిచ్చే ఆఫీసులు తక్కువేం కాదు.

ఆదివారం టైగర్‌ను గ్రూనెవాల్డ్ సరస్సుకు తీసుకెళ్లు. అక్కడ కుక్కల్ని గొలుసు లేకుండా వదలొచ్చు. చెరువు గట్టున కొంగల వెంట పరిగెత్తే టైగర్ మొదటిసారి మంచు ముద్ద నోట్లో పెట్టుకుని ఏం చేస్తుందో చూడాలని పెద్దమ్మకు ఎంతో ఉంది. జనవరిలో వస్తోంది కాబట్టి దానికో చలికోటు కావాలి. పొట్టి బొచ్చు కుక్కలు ఆ చలికి వణుకుతాయి. వీపు కొలత, ఛాతీ కొలత పంపు, ఇక్కడే కొని ఉంచుతాను.

చిప్ ఎవరు పెడతారో కనుక్కున్నావా? రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళ్లి, చిప్ నంబరు టీకా పుస్తకంలో మొదటి పేజీలో రాయించుకుని, ఆ పేజీ ఫొటో వాట్సాప్‌లో పంపు. ఎదురుచూస్తుంటాను.

ఇట్లు
మీ పెద్దమ్మ