పెళ్లి అన్నం తిన్న గేదె నెమరు ఎందుకు మానేసింది?

ప్రశ్న: పెళ్లిలో మిగిలిన అన్నం గంపతో గేదెకు పెట్టాం. మర్నాడు నెమరు మానేసి, విరేచనాలతో నీరసపడింది. రోజూ కుడితి తాగే గేదెకు అన్నం ఎందుకు పడలేదు? (పాడి రైతు, ఆమదాలవలస)

జవాబు: అన్నం చెడ్డదై కాదండీ, ఒక్కసారిగా అంత పడటం వల్ల. పశువు పొట్టలోని నాలుగు గదుల్లో మొదటిదైన రూమెన్ అన్నిటికంటే పెద్దది. జీర్ణరసాలు ఊరేది నాలుగో గదిలోనే. రూమెన్‌లో మాత్రం కోటానుకోట్ల సూక్ష్మజీవులు వరిగడ్డి పీచును నిదానంగా పులియబెడతాయి. అలా పుట్టిన ఆమ్లాలు రక్తంలో కలిసి పశువుకు శక్తినిస్తాయి. నెమరువేసేటప్పుడు ఊరే లాలాజలం, పెద్ద ఆవుకు రోజుకు 100 లీటర్ల పైమాటే, ఆ పులుపును అదుపులో ఉంచుతుంది. అందుకే రూమెన్ పీహెచ్ మామూలుగా 6–7 మధ్య నిలుస్తుంది.

అన్నం తొందరగా పులుస్తుంది. నమిలే పని లేదు కనుక లాలాజలమూ తక్కువే. లాక్టిక్ ఆమ్లం పేరుకుని పీహెచ్ 5కు దిగువకు పడిపోతే పీచును పులియబెట్టే జీవులు చస్తాయి, రక్తంలోని నీరు పొట్టలోకి చేరుతుంది. నెమరు ఆగడమూ విరేచనాలూ నీరసమూ అందుకే. కుడితిలో గంజి కొద్దికొద్దిగా రోజూ అందుతుంది కనుక ఆ జీవులు దానికి అలవాటుపడి ఉంటాయి.

మామూలు అజీర్తి అనుకోకండి, ఇది ప్రాణం తీయగలదు. వెంటనే పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయండి. డాక్టరు వచ్చేదాకా అన్నం, తవుడు ఆపి ఎండుగడ్డి మాత్రమే వేయండి. నూనె, కషాయం బలవంతంగా గొంతులో పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వంటసోడా ఎంత తాగించాలో డాక్టరునే చెప్పనివ్వండి.