బుధవారము ఎవరిది?
తరగతి సేవయందు కాయక దాసోహములు – ఒక పాఠము



కాయకము, దాసోహము అను రెండు మాటలను మనము మఠములలోను, బసవ జయంతి సభలలోను తరచుగా వినుచుందుము. ఆ మాటలు మన బిడ్డలు చదువుకొను తరగతి గదిలో ఎట్లు పనిచేయవలయునో ఈ పాఠమున విచారింతము. విషయము చిన్నదిగా తోచవచ్చును. ఒక కుటుంబము ఊరు విడిచిపోయినప్పుడు, ఆ తల్లిదండ్రులు తరగతి కొరకు చేయుచుండిన పని ఎవరిది కావలయును? ఇదియే ప్రశ్న.

1. మన ఊరి స్థితి

సూళ్లూరుపేట రాకపోకల ఊరు. చెంత కాళంగి నది, తూర్పున పులికాట్ సరస్సు, ఆ సరస్సు మీదుగా శ్రీహరికోటకు పోవు బాట. చెన్నపట్టణమునకు పోవు రైలుమార్గమును, జాతీయ రహదారియు ఇచటనే కలవు. 1971లో శ్రీహరికోట నుండి తొలి రాకెట్టు ఎగసిన నాటినుండి ఉద్యోగులు, గుత్తపనివారు, కూలివారు వచ్చుచు పోవుచునే యున్నారు. తడ సమీపమున శ్రీసిటీ కర్మాగారములు వెలసిన పిమ్మట ఈ రాకపోకలు మరింత హెచ్చినవి. కావున ఏడాది నడుమ హాజరుపట్టీలో ఒకటి రెండు పేర్లు కొట్టివేయుట మా ఉపాధ్యాయులకు అలవాటైన పని.

పేరు కొట్టివేయుటకు ఒక్క గీత చాలును. ఆ పేరు వెనుక నున్న పని మాత్రము గీతతో పోదు.

2. తల్లిదండ్రుల పని యెట్టిది?

2009 నాటి బాలల ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టము 21వ సెక్షను ప్రకారము పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసము నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులో సంరక్షకులో ఉండవలయును. సభ్యులలో సగము మంది స్త్రీలు కావలయును. బడి తీరును గమనించుట, అభివృద్ధి ప్రణాళిక సిద్ధపరచుట, నిధుల వినియోగమును చూచుట వారి విధులు. ఇది చట్టము చెప్పిన పని. చట్టమున కానరాని చిన్న పనులు మరికొన్ని కలవు. వండిన అన్నము పిల్లలకు వడ్డింపకమునుపు ఉపాధ్యాయునితో కలసి రుచి చూచుట, సాయంకాలము పిల్లలను రహదారి దాటించుట, తరగతి పుస్తకముల పెట్టె తాళము కాపాడుట మొదలగునవి. తరగతి నడచుట వీటివలననే.

3. జరిగిన కథ

కొన్ని యేండ్ల క్రిందట నేను పాఠము చెప్పుచుండిన అయిదవ తరగతిలో తల్లులు తమలో తాము దినములు పంచుకొని ఈ పనులు చేయుచుండిరి. బుధవారము ఒక గుత్తపనివాని భార్యది. కార్తికమాసమున వారి పని ముగిసి కుటుంబము తరలిపోయెను. నేను బదిలీ పత్రము వ్రాసి యిచ్చితిని, బిడ్డను దీవించితిని. బుధవారము మాట నాకు తోచలేదు, మరెవ్వరికిని తోచలేదు.

సోమవారము వంతుగల మరియొక తల్లి, కూలి చేసికొని బ్రతుకునది, బుధవారమున ఎవరును లేకుండుట చూచి తానే వచ్చి నిలిచెను. మరుసటి బుధవారమును వచ్చెను. తల్లిదండ్రుల సమావేశమున మేమందరము ఆమెను మెచ్చుకొంటిమి. సంక్రాంతి వెళ్లిన పిమ్మట ఆమె బుధవారమే కాదు, సోమవారమును రాలేదు. అట్టి ఒక బుధవారము సాయంకాలము మా తరగతి బాలుడొకడు దీపాలు పెట్టు వేళవరకు రహదారి ప్రక్క ఒంటరిగా నిలిచియుండెను. వాని అవ్వ పనినుండి ఆలస్యముగా వచ్చునని, అంతవరకు తోడుండవలయునని, వెళ్లిపోయిన తల్లికి మాత్రమే తెలియును. ఆమెను చూచి సోమవారపు తల్లి తెలిసికొనినది. ఇరువురును లేని నాడు ఆ సంగతి తెలిసినవారే లేకపోయిరి.

నేను సోమవారపు తల్లి యింటికి పోయి, ఏల రాలేదని కొంత నొచ్చుకొనుచునే అడిగితిని. ఆమె ఇట్లనెను: “సోమవారం నాది, అయ్యవారూ. బుధవారం ఎవురిదని మీరు ఒక్కదినమన్నా అడిగినారా?”

ప్రతి బుధవారము ఆమె సగము దినపు కూలి పోగొట్టుకొనినదని నాకు అప్పుడు తెలిసినది. మా మెప్పు ఆమెకు కూలి కాలేదు. ఆమెకు బరువును, మాకు నిద్రను తెచ్చినది.

4. లక్కమ్మ నేర్పిన పాఠము

కల్యాణమున ఆయ్దక్కి మారయ్య నేల రాలిన బియ్యపు గింజలు ఏరి తెచ్చుటను కాయకముగా గలవాడు. ఒకనాడు నిత్యముకన్న ఎక్కువ బియ్యము తేగా, భార్య లక్కమ్మ దానిని స్వీకరింపక, మిగులును తెచ్చిన చోటనే విడిచి రమ్మని పంపెనని శరణుల కథ.

ఇది ఆశను గురించిన కథ కదా, బరువు మోయు తల్లికి ఎట్లు వర్తించునని మీరడుగవచ్చును. శరణ మార్గమున ఎవరి కాయకము వారే చేయవలయును. బసవేశ్వరుడు బిజ్జలుని కొలువున మంత్రియయ్యు ఈ నియమమునకు వెలుపల నిలువలేదు. ఒకరి వంతు మరియొకరిపై పడి యుండనిచ్చిన యెడల ఇద్దరికి నష్టము. మోయువారు అలయుదురు, మోయనివారు కాయకమును కోల్పోవుదురు. మిగులు బియ్యము మారయ్య ఇంట ఉండదగనట్లే మిగులు బరువు ఆ తల్లి తలపై ఉండదగదు. అది వచ్చిన చోటికి, అనగా సభకు, తిరిగి చేరవలయును. ఇచట తప్పు ఆమెది కాదు. ఊరక చూచుచుండిన మాది, అందును ముందుగా నాది. దాసోహమనగా ఒకరు నలుగుచుండగా పదిమంది మెచ్చుకొనుట కాదు.

5. చేయదగిన పనులు

పోవువారు: తాళము, పుస్తకము, పైసలతో సహా లెక్క అప్పగించి పోవలయును. పుస్తకమున లేని సంగతులను కూడ చెప్పవలయును. ఏ బిడ్డకు తోడు కావలయును, ఏ బిడ్డకు ఏ తిండి పడదు అను ఎరుక కూడ తరగతి సొత్తే.

ఉండువారు: వారము లోపల కూడి ఖాళీపడిన వంతును అందరియెదుట పెట్టి మరల పంచుకొనవలయును. పులికాట్ సరస్సున బెస్తవారిలో ‘పాడు’ అను వంతుల పద్ధతి కలదు. ఏ దినమున ఏ చోట ఎవరు వల కట్టవలయునో ముందే నిర్ణయమై యుండును. చేపలకు వంతు ఏర్పరచుకొన్న తీరమున బిడ్డలకు వంతు ఏర్పరచుకొనలేమా? కూలి పోగొట్టుకొనువారికి తేలిక దినము, తేలిక వేళ ఇచ్చుట న్యాయము.

ఉపాధ్యాయుడు: బదిలీ పత్రము వెంటనే ఇచ్చుట చట్టము 5వ సెక్షను విధించిన విధి. పత్రము ఆలస్యమైనదని కొత్త బడివారు బిడ్డను చేర్చుకొనుటలో జాగు చేయరాదనియు ఆ సెక్షనే చెప్పుచున్నది. పత్రముపై సంతకము చేయునప్పుడే “ఈ ఇంటివారి వంతు ఏది?” అని అడుగుట నాకు నేను విధించుకొన్న నియమము.

కొత్తగా వచ్చువారు: జంగమమును పూజించు మనము కదలివచ్చిన కుటుంబమును పరాయిగా చూడరాదు. బసవేశ్వరుడే బాగేవాడిని విడిచి కూడలసంగమమునకును, పిదప కల్యాణమునకును వెళ్లినవాడు. మోళిగె మారయ్య కాశ్మీరమునుండి వచ్చి కట్టెలమోపులు అమ్మి శరణుడయ్యెనని సంప్రదాయము. కావున కొత్తవారికి మొదటి నెలలోనే ఒక చిన్న వంతు ఇత్తము. పని పంచుకొన్నవారికే ఊరు తమదనిపించును.

6. ముగింపు

సోమవారపు తల్లికి మేము తరగతి యెదుట క్షమాపణ చెప్పుకొంటిమి. బుధవారమును నలుగురము నెలకొకసారి చొప్పున పంచుకొంటిమి. అందొక వంతు నాది. ఆమె తన సోమవారమునకు తిరిగి వచ్చెను. ఇప్పుడు ఆ బాలునికి తోడుండవలసినవారి పేరు గోడమీద వ్రాసియున్నదా యని ఏటేట మొదటి దినముననే చూచుకొనుచున్నాను. బాలురు మారుదురు, గోడమీది పంక్తి మారదు.

అభ్యాస ప్రశ్నలు

1. కాయకమునకును, ఒకరిపై పడిన బరువునకును గల భేదమేమి?
2. లక్కమ్మ మిగులు బియ్యమును ఏల తిరిగి పంపెను? మన యింట, మన సంఘమున అట్టి మిగులు ఎవరి తలపై నున్నది?
3. మీ బిడ్డ తరగతినుండి ఈ ఏడు వెళ్లిన కుటుంబమేది? వారి వంతు ఇప్పుడు ఎవరిది?

మూడవ ప్రశ్నకు జవాబు తెలియనివారు ఈ వారమే బడికి పోయి తెలిసికొందురు గాక.