పులిజూదం

తెలుగులో 'ఆట' అన్న మాటకు అర్థవిస్తృతి ఎక్కువ. క్రీడ ఆట, నృత్యమూ ఆటే. గాలికి ఆకు ఆడుతుంది, నూనె తీసే గానుగ ఆడుతుంది, మన ఊపిరి కూడ ఆడుతుంది. ప్రాణమున్నట్లు కదిలే ప్రతిదానికీ మన పూర్వులు ఈ ఒక్క క్రియనే వాడుకొన్నారు. ఊపిరి ఆడకపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు. మనిషికి ఆట లేకపోతే ఏమవుతుందన్న ప్రశ్నకు సమాధానం గ్రంథాలలో వెదకడానికి ముందు పల్లె అరుగుల మీద వెదకడం మేలు.

కడప జిల్లా జమ్మలమడుగుకు పడమట, ఎర్రమల కొండలను పెన్నానది చీల్చుకొని పారేచోట గండికోట ఉన్నది. నది చేసిన గండి వల్లనే కోటకు ఆ పేరు వచ్చింది. విజయనగర ప్రభువుల కాలంలో పెమ్మసాని నాయకులు ఈ దుర్గాన్ని పాలించారు. 17వ శతాబ్ది మధ్యభాగంలో గోలకొండ సేనాని మీర్ జుమ్లా దీనిని వశపరచుకొన్నాడు. మాధవరాయ ఆలయం, జామా మసీదు, ధాన్యాగారం నేటికీ నిలిచి ఉన్నాయి. చరిత్ర గ్రంథాలు ఇంతవరకు చెప్పి ఊరకుంటాయి. ఆ కోట చుట్టుపట్ల మెట్టపొలాలు దున్నినవారు, కొండవాలులో జీవాలను మేపినవారు తీరిక వేళల్లో ఏం చేసేవారన్నది వాటికి పట్టలేదు.

ఈ సీమలో తరతరాలుగా ఆడుకొంటున్న ఆటలలో పులిజూదం ఒకటి. పులిమేక అని కూడ దీనికి పేరు. విజయనగర రాజధాని హంపీలో మండపాల రాతిపలకల మీద చెక్కిన ఆటగళ్ళు ఇప్పటికీ కనిపిస్తాయి. అరుగు మీద సుద్దతోనో, బండ మీద బొగ్గుతోనో కొండ ఆకారంలో గీతలు గీసి, వాటికి అడ్డగీతలు కలుపుతారు. గీతలు కలిసే చోట్లు 23. ఒకరికి మూడు పులులు, ఎదుటివారికి పదిహేను మేకలు. పులులకు పెద్ద రాళ్ళు, మేకలకు చింతగింజలు చాలు. మేక పక్కన ఉండి, దాని వెనుక చోటు ఖాళీగా ఉంటే పులి దానిమీదుగా దూకి చంపుతుంది. మేకకు చంపే శక్తి లేదు. పులులు ఎటూ కదలలేకుండ చుట్టుముట్టడమొక్కటే మేకల గెలుపు.

పిల్లవాడు మొదట పులులే కావాలంటాడు. బలం ఎవరికి చేదు? నాలుగాటలు ఓడిన తరువాత మేకలను కోరుకొంటాడు. వెనుక చోటు ఖాళీగా వదిలిన మేక చస్తుందని, ఒకదాని వెనుక మరొకటి నిలిస్తే పులికి దూకే వీలుండదని అతనికి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. ఎదుట కూర్చొన్నది తాత అయినా సరే, గడిలో వయసుకు మన్నన లేదు. మనవడి చేతిలో ఓడిన తాత మరొక ఆట వేద్దామంటాడు. ఆయనకు కావలసినదీ అదే.

పేరులో జూదమున్నా ఇందులో పాచికలు లేవు, పణం లేదు. ఈ భేదం భారతంలో స్పష్టంగా కనిపిస్తుంది. ఆదిపర్వంలో రాజకుమారులు బంతి ఆడుతుండగా అది నూతిలో పడింది. దానిని వెలికితీసిన ద్రోణుడు వారికి గురువైనాడు. ఆ కుమారులే పెద్దవారై సభాపర్వంలో పాచికలాడి రాజ్యం పోగొట్టుకొన్నారు. పిలిస్తే కాదనలేక, కపటమని తెలిసీ లేవలేక కూర్చొన్నది ఆట ఎట్లా అవుతుంది? డచ్చి చరిత్రకారుడు యొహాన్ హోయిజింగా 1938లో ఆటను గూర్చి వ్రాసిన గ్రంథంలో దాని మొదటి లక్షణం స్వచ్ఛందతేనని నిరూపించబూనాడు.

బాలల హక్కులపై ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన ఒడంబడిక 31వ అధికరణం విశ్రాంతిని, ఆటను బాలల హక్కుగా గుర్తించింది. భారతదేశం 1992లో ఆ ఒడంబడికను అంగీకరించింది. అందులో బాలలంటే 18 సంవత్సరాలు నిండనివారు. అంటే ఇంటర్మీడియట్ చదువుతున్న మీలో పెక్కుమంది ఆ లెక్కలోనివారే. 5 నుండి 17 ఏండ్లవారికి రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో మరల చెప్పింది. మైదానమే లేని కళాశాలలో, వేకువనుండి రాత్రి వరకు ప్రవేశపరీక్షల అభ్యాసంలో ఆ అరవై నిమిషాలు ఎక్కడ ఇముడుతాయో పెద్దలు ఆలోచించవలసి ఉన్నది.

పెద్దలకూ ఆట అవసరమే. పగలంతా పొలంలో వంగి పనిచేసినవారు రాత్రి చెక్కభజనలో, కోలాటంలో అడుగు కలిపేది అలసట తెలియక కాదు. పని చేయించిన ఒంటిని కాసేపు తమకోసం కదిలించుకోవాలని. దానికి తోటివారు కావాలి, కూడే చోటు కావాలి. 2020లో గండికోట జలాశయంలో నీటి నిల్వ పెంచినప్పుడు కొండాపురం మండలంలోని తాళ్ళప్రొద్దుటూరు మునిగింది. కరవుసీమకు నీరు కావలసిందే, సందేహం లేదు. అయితే ఊరు కదిలినప్పుడు ఇంటికి, చెట్టుకు వెల కడతారు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చొని ఆడుతుంటే పదిమంది చుట్టూ చేరి ఎత్తులు చెప్పే అరుగుకు వెల కట్టడం ఏ అధికారికీ సాధ్యం కాదు. కొత్తచోట అటువంటి అరుగును ఆ ఊరివారే మళ్ళీ చూసుకోవాలి.