మీకు తగ్గ గుర్రం

రౌతు కొద్దీ గుర్రం అంటారు. గుర్రం మొండికేస్తే తప్పు పైనున్నవాడిదే అని లెక్క. సగం నిజమే. మిగతా సగం రౌతు గుర్రం ఎక్కకముందే, గుర్రపుశాలలోనే తేలిపోతుంది: అసలు ఆ గుర్రాన్ని ఎందుకు ఎంచుకున్నట్టు?

మనలో చాలామందికి దేశింగురాజు కథ తలకెక్కింది. ఢిల్లీలో ఎవరికీ లొంగని గుర్రం ఆ కుర్రాడికి లొంగింది. బుర్రకథకు అది బాగుంటుంది. కళ్ళెం పట్టడం నిన్న నేర్చుకున్నవాడికి మాత్రం అనుభవం పండిన గుర్రమే గురువు. పన్నెండు, పదిహేనేళ్ల వయసుండి, లారీ హారన్లూ ఊరేగింపు డప్పులూ విని విని విసిగిపోయిన గుర్రమైతే మరీ మంచిది. రౌతు తడబడినా అది తడబడదు. కుర్ర గుర్రం మీద కొత్త రౌతును కూర్చోబెడితే ఇద్దరూ భయాన్నే నేర్చుకుంటారు.

ఆ భయం దాస్తే దాగదు. 2009లో స్వీడన్ పరిశోధకులు ఒక పరీక్ష చేశారు. మనుషుల చేత గుర్రాలను నడిపించారు, స్వారీ చేయించారు. నాలుగోసారి వెళ్లేటప్పుడు దారిలో గొడుగు తెరుస్తామని ముందే చెప్పారు. తెరవలేదు. అయినా మనిషి గుండె వేగం పెరిగింది, గుర్రానిదీ పెరిగింది. గొడుగు సంగతి గుర్రానికి ఎవరు చెప్పారు? భయపడ్డ రౌతు కాళ్లు బిగిస్తాడు, పగ్గాలూ లాగుతాడు. కాళ్లు పొమ్మంటాయి, చేతులు ఆగమంటాయి. పాపం, అది ఏది వినాలి?

ధైర్యం వేరు, నైపుణ్యం వేరు. పనితనం ఉండీ ఒకసారి కిందపడి బెదిరినవాడికి కొన్నాళ్లు నెమ్మది గుర్రం కావాలి. అందులో నామోషీ ఏమీ లేదు. ధైర్యం మాత్రమే ఉన్నవాడితోనే అసలు ప్రమాదం, వాడు పడేదాకా వాడికి తెలియదు. రెండూ ఉన్నవాడు మాత్రం బద్ధకపు గుర్రం మీదే కాలం గడిపితే మొద్దుబారిపోతాడు.

ఒకప్పుడు ధర్మపురి జిల్లాలో ఉన్న హోసూరు పక్కన, మత్తిగిరిలో 19వ శతాబ్దంలో సైన్యానికి గుర్రాలను సిద్ధం చేసే డిపో ఉండేది. ఇప్పుడు అదే హోసూరు ఫ్యాక్టరీలకు ధర్మపురి కుర్రాళ్లు బస్సెక్కుతున్నారు. ఉద్యోగమూ ఒక గుర్రమే. మొదటి ఉద్యోగంలోనే టీమ్ లీడర్ కుర్చీ దొరికితే ఇంట్లో పండగ. ఆ కుర్చీ నెమ్మదిదో, కరిచేదో ఎవరూ అడగరు.

1792 నుంచి 1799 దాకా బారామహల్ ప్రాంతపు పాలనలో పనిచేసి, ధర్మపురిలో నివసించిన థామస్ మన్రో విగ్రహం చెన్నైలో ఉంది. గుర్రం మీద కూర్చున్నాడు, కింద జీను లేదు, రికాబులు లేవు. కంచు గుర్రానికి అవి అక్కర్లేదు. మీది ప్రాణమున్న గుర్రం.

కాబట్టి ఎక్కేముందు కాసేపు పక్కన నిలబడండి. నుదుటికి ఎదురుగానో తోక వెనకనుంచో కాదు, అక్కడ దానికి మీరు కనబడరు. భుజం వైపు నుంచి వెళ్లండి. చెవులు వెనక్కి అణిచిపెట్టిందా, మీ వైపు తిప్పిందా చూడండి. ముందు యజమానిని ఎక్కి చూపించమనండి. ఆయన జంకితే మీరు ఎక్కొద్దు. దీని మీంచి చివరగా ఎవరు పడ్డారు, ఎందుకు పడ్డారు అని అడగండి. ఇంటర్వ్యూలోనూ అంతే. ఈ సీట్లో నాకంటే ముందున్నవారు ఎందుకు వెళ్లిపోయారని అడిగి, జవాబు చెప్పేవారి ముఖం చూడండి.